న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు

గుంటూరు నుండి విజయవాడకు బోవు బాటలో, పట్టణము విడిచిన కొలది దూరముననే పెదకాకాని కలదు. భ్రమరాంబా మల్లేశ్వరస్వామివారి దర్శనమునకు వచ్చు యాత్రికులును, క్రొత్త బండికి పూజ చేయించుకొనవచ్చు గృహస్థులును, మిరప బస్తాలతో గుంటూరు చేరు రైతులును నిత్యము ఈ బాట ద్రొక్కుచుందురు. 1954 మొదలు 1956 వరకు ఈ బాటనే మరియొక తెగ యాత్రికులు కూడ నడచిరి. వారి చంకను దస్తావేజుల కట్ట యుండెను. వారి నోట వకీలు పేరుండెను. వారి గమ్యము ఆంధ్రరాష్ట్ర హైకోర్టు. ఆ హైకోర్టు ఆనాడు గుంటూరున నుండెను. దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు.

గుంటూరు సీమ రైతునకు న్యాయస్థానము క్రొత్తది కాదు. గట్టు తగాదా, కాలువనీటి తగాదా, కౌలు తగాదా, దాయభాగపు తగాదా, ఇవి ప్రత్తి మిరపలతోపాటు ఈ నేలను పండుచునే యుండును. మునసబు కోర్టు మెట్టు నెరుగని కుటుంబము ఈ ప్రాంతమున నరుదు. అయినను మనము న్యాయస్థానమును గూర్చి తెలిసికొన్నది వకీలు ఫీజును, వాయిదా తేదీయును మాత్రమే. న్యాయమూర్తి యనువాడు రాజ్యమునకు ఎదుట నిలిచి, ప్రభువునైనను సరే, నీవు హద్దు దాటితివని చెప్పగలవాడను సంగతిని మనకు బోధించిన తెలుగువారిలో సుబ్బారావుగారు అగ్రగణ్యులు. ఆయన కీర్తిశేషులై అర్ధ శతాబ్ది గడచుచున్నది. ఆయన పేరు చెప్పినంతనే భూస్వాములు ఒక తీర్పును దలచుకొని సంతసింతురు. మరికొందరు అదే తీర్పును దలచుకొని ముఖము చిట్లింతురు. ఇరువురును ఆయనను సగమే యెరిగినవారని మా యభిప్రాయము.

సుబ్బారావుగారు 1902 జులై 15వ తేదీన గోదావరీతీరమందలి రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రిగారు న్యాయవాది, కాని కుమారుడు చిన్నవాడై యుండగనే గతించిరి. పట్టణమందలి ప్రభుత్వ కళాశాలలో పట్టపరీక్ష ముగించి, మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రము చదివిరి. ఆ కాలమున తెలుగుదేశపు విద్యాధికులందరికిని మద్రాసే ముఖద్వారము. ఉద్యోగము కావలసినను, వకాలతు కావలసినను, పత్రిక నడుపవలసినను చెన్నపట్టణమునకే పోవలసి యుండెను. సుబ్బారావుగారు అచ్చట తమ మామగారగు పి. వెంకటరమణరావు నాయుడుగారి కార్యాలయమున జేరి వృత్తి నేర్చిరి. మామగారు హైకోర్టు న్యాయమూర్తియైన తరువాత, తమ బావమరిది పి.వి. రాజమన్నారుగారితో గూడి స్వతంత్రముగా వకాలతు నడపిరి. ఈ రాజమన్నారుగారే తరువాత మద్రాసు హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తియై, తెలుగు నాటకకర్తగను పేరొందిరి. ఒకే కార్యాలయము నుండి ఇద్దరు ప్రధాన న్యాయమూర్తులు బయలువెడలుట ఆంధ్రుల న్యాయవాద చరిత్రలో గర్వింపదగిన ఘట్టము.

నడుమ కొలదికాలము సుబ్బారావుగారు డిస్ట్రిక్టు మునసబుగా బాపట్లలో పనిచేసిరి. ఇది జీవితచరిత్రలో ఒక పంక్తికి మించని సంగతియే. కాని భారతదేశపు ప్రధాన న్యాయమూర్తి కాబోవు వ్యక్తి మొట్టమొదట న్యాయపీఠముపై గూర్చుండినది మన జిల్లాలోనని తెలిసికొనుట ఈ సీమవారికి అనుచితము గాదు. మునసబు కోర్టున వచ్చునవి చిన్న దావాలే. ప్రామిసరీ నోటు, పశువు వెల, ఇంటి గోడ. అయినను రాజ్యాంగపు మహాసూత్రములు తుదకు వర్తింపవలసినది ఆ ఇంటి గోడకడనే గదా! ఉద్యోగమున నిలువక ఆయన మరల వకాలతునకు మరలిరి. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియుక్తులైరి. నాటినుండి 1967 వరకు పందొమ్మిది సంవత్సరములు ఎడతెగక న్యాయపీఠమునందే యుండిరి.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రథమ ముఖ్యమంత్రియైరి. 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక స్ఫూర్తి ననుసరించి రాజధాని కర్నూలునకును, హైకోర్టు కోస్తాజిల్లాలకును చెందెను. క్రొత్త రాష్ట్రమునకు చేతిలో చిల్లిగవ్వ లేదు. కర్నూలున ఉద్యోగులు డేరాలలో గూర్చుండి పనిచేసిన రోజులవి. అట్టి సమయమున హైకోర్టును నిర్మించు భారమును ప్రత్యేకాధికారిగా సుబ్బారావుగారిపై నుంచిరి. 1954 జులై 5వ తేదీన గుంటూరున ఆంధ్ర హైకోర్టు ప్రారంభమయ్యెను. ఆయనయే ప్రధాన న్యాయమూర్తి యయిరి. తిరుపతిలో ఆ యేడే వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు కులపతిగను ఆయన వ్యవహరించిరి. శతాబ్దమునకు పైగా మద్రాసులో పరాయి వీధులు తిరిగిన తెలుగు కక్షిదారుడు మొదటిసారిగా తన నేలపై, తన యూరి భోజనశాలలో దిని, సాయంకాలమునకు ఇల్లు చేరుకొను భాగ్యము పొందెను. న్యాయము దగ్గరగుట యనగా నిదియే.

1956 నవంబరున ఆంధ్రప్రదేశమేర్పడగా హైకోర్టు హైదరాబాదునకు, మూసీతీరమందలి భవనమునకు తరలెను. గుంటూరు వైభవము రెండేండ్లతో ముగిసెను. సుబ్బారావుగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకును ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, 1958 జనవరి 31వ తేదీన సుప్రీముకోర్టు న్యాయమూర్తిగా ఢిల్లీ చేరిరి. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనందురు. ఆయన రచ్చ గెలిచిన విధమును ఇక జెప్పవలసియున్నది.

ఢిల్లీ చేరిన యేడే తెలుగుసీమ నుండి ఒక వ్యాజ్యము ఆయన యెదుటికి వచ్చెను. కృష్ణాజిల్లాలో ప్రైవేటువారు నడుపుచున్న బస్సు మార్గములను ప్రభుత్వ రవాణా సంస్థకు అప్పగించుటకు పథకము సిద్ధమయ్యెను. బస్సు యజమానుల ఆక్షేపణలను వినవలెనని చట్టము. వినినది శాఖా కార్యదర్శి. తీర్పు చెప్పినది మంత్రి. అభ్యంతరములను వినినవాడొకడు, నిర్ణయించువాడు వేరొకడునైనచో ఆ వినికిడి యెందులకని సుబ్బారావుగారు ప్రశ్నించిరి. వినువాడే తేల్చవలెను, తేల్చువాడే వినవలెను, పైగా కక్షిదారుడగు శాఖయే తగవరి కారాదు. అధిక సంఖ్యాకుల పక్షమున ఆయన వ్రాసిన ఆ తీర్పు నేటికిని పరిపాలనా న్యాయమున పాఠముగా నున్నది. గ్రామ పెద్దమనిషి రచ్చబండపై నెరిగిన న్యాయమునే ఆయన సచివాలయమునకు నేర్పిరి.

అదే 1958లో పత్రికలవారు మరువరాని వివాదమొకటి వచ్చినది. పాట్నాలోని సర్చిలైటు పత్రిక, బీహారు శాసనసభ రికార్డునుండి తొలగింపబడిన ప్రసంగభాగమును ప్రచురించెను. సభ తన ప్రత్యేకాధికారమును జూపి సంపాదకునికి తాఖీదు పంపెను. శాసనసభ హక్కు గొప్పదా, పౌరుని వాక్స్వాతంత్ర్యము గొప్పదా యని ప్రశ్న. న్యాయమూర్తు లందరును సభ పక్షమే వహించిరి, ఒక్కరు తప్ప. ఆ యొక్కరు సుబ్బారావుగారు. ప్రాథమిక హక్కు రాజ్యాంగమున తలమానికమైనపుడు, ఆంగ్లేయుల పార్లమెంటు నుండి యెరువు దెచ్చుకొన్న ప్రత్యేకాధికారము దానిని మ్రింగరాదని ఆయన వాదము. ఒంటరిగా భిన్నాభిప్రాయము వ్రాయుటకు పాండిత్యము చాలదు, వెన్నెముక కావలెను. ఆనాడు పీఠముపై ఆయన చేరి యేడాదియైన నిండలేదు.

1962లో ఖరక్‌సింగు వ్యాజ్యము వచ్చెను. ఉత్తరప్రదేశమున బందిపోటు కేసులో పట్టువడి, సాక్ష్యము లేక విడుదలయైన సామాన్యుడు ఖరక్‌సింగు. పోలీసువా రతనిపై చిట్టా తెరచి, రాత్రివేళ తలుపు దట్టి లేపుచు, ఊరు వదలిన వెంబడించుచు, అనుక్షణము కాపు గాయుచుండిరి. రాత్రి తలుపు దట్టుట మాత్రమే తప్పనియు, తక్కిన నిఘా చెల్లుననియు అధిక సంఖ్యాకులు నిర్ణయించిరి. న్యాయమూర్తి షాగారితో గూడి సుబ్బారావుగారు విభేదించిరి. నిఘా నియమము సమస్తమును చెల్లదనియు, మనుజుని యేకాంతము వ్యక్తిస్వాతంత్ర్యమున విడదీయరాని భాగమనియు, నీడవలె వెంబడింపబడు మనిషి స్వేచ్ఛగా దిరుగుచున్నట్లు కనుపించినను నిజమున ఖైదీయే యనియు ఆయన మతము.

మన జిల్లావారికి ఈ విషయమును విశేషించి వివరింప బనిలేదు. ఆయన మునసబుగా నుండిన బాపట్లకు చేరువనే స్టువర్టుపురము కలదు. ఎరుకలవారిని పుట్టుకతోడనే దొంగలని ముద్రవేసి, నేరస్థ జాతుల చట్టము క్రింద ఆ సెటిల్మెంటులో నుంచి, హాజరు పట్టీలో వ్రేలిముద్ర వేయించిన పాపము తెల్లదొరల పరిపాలనది. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. కాని పోలీసు స్టేషనులోని కేడీ రిజిస్టరు రద్దు కాలేదు. భూవసతిగలవాని యింటి తలుపును రాత్రివేళ ఎవరును దట్టరు. తట్టబడునది పేదవాని గుడిసె తడిక. సుబ్బారావుగారు ఆస్తిపరుల న్యాయమూర్తి యని తేల్చివేయువారు ఈ తడికను జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇట్టి ఉదాహరణము మరియొకటి కలదు. 1963లో దేవదాసన్ వ్యాజ్యమున, షెడ్యూల్డు కులములకును జాతులకును కేటాయించిన ఉద్యోగములు ఒక యేట నిండనిచో మరుసటి యేటికి చేర్చు పద్ధతిని సుప్రీముకోర్టు కొట్టివేసెను. సుబ్బారావుగారు మాత్ర మంగీకరింపలేదు. మేలుజాతి పందెపు గుర్రమును, సామాన్యపు గుర్రమును ఒకే గీతపై నిలిపి పరుగెత్తించి ఇది సమానత్వమనుట పరిహాసమేయని ఆయన దృష్టాంతము. వెనుకబడినవారికిచ్చు కేటాయింపు సమానత్వమునకు మినహాయింపు కాదు, సమానత్వమునకే మరియొక రూపమని ఆయన దర్శించిరి. అప్పు డది ఒంటరి గొంతు. 1975లో కేరళ నుండి వచ్చిన థామస్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు అధిక సంఖ్యాకుల మతము ఆ మార్గమునకే వచ్చినది.

బొంబాయి నౌకాదళాధికారి నానావతి, తన భార్య ప్రియుని పిస్తోలుతో గాల్చి చంపినపుడు దేశమంతయు అతనిపై జాలి జూపెను. జూరీ యెనిమిదిమంది నిర్దోషి యనిరి, ఒక్కరు కాదనిరి. హైకోర్టు యావజ్జీవశిక్ష విధించెను. 1961 నవంబరు 24వ తేదీన దానిని స్థిరపరచిన సుప్రీముకోర్టు తీర్పును వ్రాసినవారు సుబ్బారావుగారే. కొట్లాటకు నడుమ కోపము చల్లారుటకు వలసినంత వ్యవధి యున్నదనియు, తుపాకి దెచ్చుకొని వెదకికొనిపోయి చంపుట హత్యయే యనియు ఆయన తూచిన తూకము. లోకుల జాలి త్రాసులో పడలేదు. 1966లో కలకత్తా నగరపాలక సంస్థకును పశ్చిమ బెంగాలు ప్రభుత్వమునకును వచ్చిన వివాదమును ఇట్లే తేల్చిరి. సంత నడుపుటకు అందరును లైసెన్సు పొందవలెను. ప్రభుత్వము తాను పొంద ననెను. రాజు చట్టమునకు అతీతుడను ఆంగ్ల సిద్ధాంతము గణతంత్రమున చెల్లదనియు, చట్టము చేసినవాడును చట్టమునకు లోబడవలెననియు ఆయన నిర్ణయించిరి. కంచెయే చేను మేయరాదని కర్షకు డెరిగిన నీతియే యిది.

ఇక ఆస్తిహక్కు సంగతి. స్వతంత్ర భారతమున భూసంస్కరణ యత్యవసరమనుట నిర్వివాదము. జమీందారీలు మద్రాసు రాష్ట్రమున 1948 చట్టముతో రద్దయ్యెను. దున్నువానికి భూమి యనునది కాంగ్రెసు దేశమున కిచ్చిన మాట. ఈ చట్టములకు న్యాయస్థానములు అడ్డుపడకుండుటకై 1951లో మొదటి సవరణ ద్వారా రాజ్యాంగమునకు తొమ్మిదవ షెడ్యూలును చేర్చిరి. దానిలో జేర్చిన చట్టము ప్రాథమిక హక్కులకు విరుద్ధమైనను చెల్లును. మొదట 13 చట్టములతో నారంభమైన ఆ పట్టిక 1964 నాటి పదునేడవ సవరణతో 64కు పెరిగెను. శంకరీప్రసాదు వ్యాజ్యమున 1951లోను, సజ్జన్‌సింగు వ్యాజ్యమున 1964లోను సుప్రీముకోర్టు ఈ సవరణలను సమర్థించెను.

పంజాబున జలంధరు ప్రాంతపు గోలకనాథుల కుటుంబమునకు నాలుగు వందల యెకరములకు మించిన భూమి మిగులుభూమిగా నిర్ణయింపబడెను. తలకు ముప్పది యెకరములే యుంచుకొనవలెనని చట్టము. వారు సుప్రీముకోర్టు నాశ్రయించిరి. 1966 జూన్ 30వ తేదీన ప్రధాన న్యాయమూర్తియైన సుబ్బారావుగారు పదునొకండుగురు న్యాయమూర్తులతో పీఠమేర్పరచిరి. 1967 ఫిబ్రవరి 27వ తేదీన తీర్పు వెలువడెను: ఆరుగు రొకవైపు, ఐదుగు రొకవైపు. రాజ్యాంగ సవరణయును చట్టమే; ప్రాథమిక హక్కులను హరించు చట్టమును చేయరాదని రాజ్యాంగమే శాసించినది; కావున పార్లమెంటునకు ప్రాథమిక హక్కులను కుదించు నధికారము లేదు. ఇది అధిక సంఖ్యాకుల నిర్ణయము.

భూస్వాములు పండుగ చేసికొనిరి. కాని తీర్పును తుదిదాక చదివినవారు కొందరే. పదునారేండ్లుగా ఆ సవరణలను నమ్ముకొని జమీందారీలు పోయినవి, లక్షలాది యెకరములు చేతులు మారినవి, కౌలుదారులు పట్టాదారులైరి. ఇప్పుడు వానినన్నిటిని రద్దు చేసినచో దేశము అల్లకల్లోలము కాదా? ఈ చిక్కునకు సుబ్బారావుగారు అమెరికా న్యాయస్థానములలో వాడుకలో నున్న ఒక యుపాయమును గ్రహించిరి. క్రొత్త సూత్రము నేటినుండి ముందునకే వర్తించును. జరిగిపోయినది జరిగిపోయినట్లే చెల్లును. ఫలితముగా మొదటి, నాలుగవ, పదునేడవ సవరణలు నిలిచినవి. పంజాబు చట్టము నిలిచినది. గోలకనాథుల యర్జీ కొట్టివేయబడినది! వారి పేర చరిత్ర మిగిలినది. వారికి భూమి మిగులలేదు. దున్నువాని చేతికి వచ్చిన సెంటు భూమియైన ఈ తీర్పువలన వెనుకకు పోలేదు. ఆస్తిపరుల న్యాయమూర్తి యని ఆయనను నిందించువారును, అదే కారణమున కొనియాడువారును ఈ యొక్క సంగతిని గమనించిన నిందయు స్తోత్రమును కొంత చల్లారును.

అయితే ఆయన ఆస్తిహక్కును తేలికగా జూచిరని చెప్పరాదు. 1964లో మద్రాసు నుండి వచ్చిన వజ్రవేలు మొదలియారు వ్యాజ్యమున, ప్రభుత్వము భూమి గైకొన్నచో ఇచ్చునది నామమాత్రపు వెల కాక న్యాయమైన ప్రతిఫలము కావలెనని గట్టిగ నిలిచిరి. ఆయన దృష్టిలో స్వాతంత్ర్యము ముక్కలుగా గోసి పంచునది కాదు. రాజ్యము నేడు భూమిపై హద్దు దాటినచో రేపు నోటిపై, ఎల్లుండి దేహముపై దాటునని ఆయన భయము. దీనికి ప్రతివాదమును లేకపోలేదు. భూమి లేని కోట్లమందికి ఆస్తిహక్కు అక్షరములలోని అలంకారమే. వారి దారిద్ర్యమును దీర్చుటకు పార్లమెంటు పూనుకొనినపుడు ఆరుగు రైదుగురి లెక్కతో దాని చేతులు కట్టుట ప్రజాస్వామ్యమా యని అడిగినవారు అల్పులు కారు. ఐదుగురు న్యాయమూర్తులు ఆ పక్షముననే నిలిచిరి.

1967 ఏప్రిల్ 10వ తేదీన సుబ్బారావుగారి పీఠము మరియొక ముఖ్యమైన తీర్పు నిచ్చెను. విదేశమునకు బోవుట పౌరుని వ్యక్తిస్వాతంత్ర్యమున భాగమనియు, అధికారి తన యిచ్చవచ్చినట్లు పాసుపోర్టు నిరాకరింపరాదనియు దాని సారాంశము. పాసుపోర్టులకు చట్టమే లేని దేశమున ఆ యేడే చట్టము వచ్చెను. గుంటూరు కృష్ణాజిల్లాల బిడ్డలు నేడు వేలకొలది సముద్రములు దాటుచున్నారు. ఈ తీర్పును వ్రాసినవారు రాజమహేంద్రవరపు తెలుగువారని వారిలో నెందరెరుగుదురు?

మరునాడే, ఏప్రిల్ 11వ తేదీన, ఆయన ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా నిచ్చి, ప్రతిపక్షముల యభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీకి నిలిచిరి. దేశము నివ్వెరపోయెను. మే 6వ తేదీన ఎన్నిక జరిగెను. కాంగ్రెసు అభ్యర్థి జాకీర్ హుస్సేనుగారికి 4,71,244 వోట్ల విలువయు, సుబ్బారావుగారికి 3,63,971 యును వచ్చెను. ఓటమి గౌరవప్రదమే. కాని గాయము వేరొకచోట తగిలినది. ప్రభుత్వమునకు విరుద్ధముగా మహాతీర్పు నిచ్చిన ఆరువారములకే, ఆ ప్రభుత్వమునకు ఎదిరిపక్షమున అభ్యర్థియగుట న్యాయపీఠపు నిష్పక్షపాతమును సందేహమున పడవేయదా యని మిత్రులును ప్రశ్నించిరి. ఈ ప్రశ్నకు మేమును సమాధానము చెప్పజాలము. ఆయన యభిప్రాయములు రాజకీయాశవలన పుట్టినవి కావనుటకు పందొమ్మిదేండ్ల తీర్పులే సాక్ష్యము; 1958 నాటి ఒంటరి గొంతు 1967 నాటి పదవికై పలికినది కాదు. అయినను న్యాయమూర్తి నిర్దోషియైన చాలదు, నిర్దోషిగా కనుపింపవలెను. తీర్పు వేడి చల్లారకముందే ఎన్నికల గోదాలోనికి దిగుట ఆయన తప్పిదమే యని చెప్పక తప్పదు. గొప్పవారి తప్పులను దాచుట వారికి మనము చేయు గౌరవము కాదు.

ఆ పిమ్మట చరిత్ర వడివడిగా నడచెను. 1971లో ఇరువదినాల్గవ సవరణ పార్లమెంటు అధికారమును మరల స్థాపించెను. 1973 ఏప్రిల్ 24వ తేదీన కేశవానంద భారతి వ్యాజ్యమున పదుముగ్గురు న్యాయమూర్తులు గోలకనాథు తీర్పును త్రోసిపుచ్చిరి. కాని ఏడుగురు ఆరుగురి తేడాతో, రాజ్యాంగపు మౌలిక స్వరూపమును మాత్రము మార్చరాదని గీత గీసిరి. సుబ్బారావుగారు గీచిన గీత చెరిగెను. గీత యొకటి యుండవలెనను ఆయన మాట నిలిచెను. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చెను. విచారణ లేకయే వేలాదిమందిని నిర్బంధించిరి. 1976 ఏప్రిల్ 28వ తేదీన, అట్టి ఖైదీకి న్యాయస్థానము తలుపు దట్టు హక్కు లేదని సుప్రీముకోర్టు నలుగురు న్యాయమూర్తుల మతముతో తీర్పు నిచ్చెను. ఖన్నాగా రొక్కరే కాదనిరి. ఆ తీర్పు వెలువడిన యెనిమిదవనాడు, మే 6వ తేదీన, సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఏ కీడు కలుగునని జీవితమంతయు హెచ్చరించిరో, ఆ కీడు నట్టింట నిలిచియుండగా ఆయన వెడలిపోయిరి.

కాని మాటకు మరణము లేదు. 1978 నాటి నలుబదినాల్గవ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించెను. అందు ఆయన పక్షము ఓడెను. అదే సవరణ, అత్యవసర పరిస్థితిలోనైనను ప్రాణ స్వాతంత్ర్య హక్కును నిలుపుదల చేయరాదని శాసించెను. అందు ఆయన పక్షము గెలిచెను. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠము, యేకాంతహక్కు ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగా నిర్ణయించి, ఖరక్‌సింగు వ్యాజ్యమున సుబ్బారావుగారి భిన్నాభిప్రాయమే సరియైనదని యంగీకరించెను. 1976 నాటి ఖైదీల తీర్పును సయితము ఆ పీఠమే కొట్టివేసెను. ఏబదియైదేండ్లకు ఓడినవాడు గెలిచెను. ఓడిన మతమును ఏల వ్రాయవలెనని శంకించువారికి ఇంతకంటె సమాధాన మేమి కావలెను?

హైకోర్టు గుంటూరు సీమకు మరల వచ్చినది. 2019 జనవరి 1వ తేదీన ఆంధ్రప్రదేశమునకు వేరుగా హైకోర్టు ఏర్పడి, తుళ్లూరు ప్రాంతమందలి నేలపాడున నెలకొన్నది. రాజధానికై 2015లో ముప్పది వేలకు మించిన యెకరములు అప్పగించిన రైతులు, పిమ్మట రాజధాని స్థానము వివాదములో పడినపుడు ఆ హైకోర్టు నాశ్రయించిరి. ప్రభుత్వము చెప్పిన మాట తప్పవచ్చునా, రైతు నమ్మకమునకు విలువ యున్నదా యని వారడిగిరి. అడుగుటకొక తలుపు ఉండుటయే సుబ్బారావుగారివంటివారు మనకు మిగిల్చిన యాస్తి. ఆ తలుపు అందరిదనుట మాత్రము మరువరాదు.

కావున ఈ సీమ భూవసతిపరులకు మా మనవి యిది. సుబ్బారావుగారిని స్మరింపుడు, కాని మీ పొలపు గట్టు కొరకు మాత్రమే స్మరింపకుడు. మీ కౌలుదారు కాగితమడిగినపుడును, మీ యూరి చివర గుడిసెపై పోలీసు లాఠీ తట్టినపుడును, వెనుకబడిన యింటి పిల్లవాడు ఉద్యోగపు మెట్టెక్కినపుడును ఆయనను స్మరింపుడు. మన హక్కు పొరుగువాని హక్కుతో ముడివడి యున్నదని యెరిగినవానికే ఆయన తీర్పులు అర్థమగును. పెదకాకాని బాట నడచి నేలపాడు చేరు పేద కక్షిదారుడు, తన మాట వినినవాడే తన తీర్పు చెప్పునను ధీమాతో నడచినంత కాలము, గుంటూరు హైకోర్టు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి మన నడుమ నున్నట్లే.